రీల్ చూసి తీర్పు చెప్పకండి: ఇప్పటి సినిమా, సిరీస్, కథ లోపలికి వెళ్ళడానికి ఒక పద్ధతి

పోయిన వేసవిలో మా మేనకోడలు ఇంటర్ పరీక్షలు రాసేసి మా ఇంటికి వచ్చింది. ఒక రాత్రి అందరం కూర్చుని ‘బలగం’ పెట్టాం. వేణు యెల్దండి తీసిన ఆ సినిమా 2023లో వచ్చింది. అప్పటికే దాని చివరి పాటని మా పిల్ల రీల్స్‌లో ఎన్నిసార్లు చూసిందో, “ఏడిపిస్తది, టిష్యూలు పెట్టుకోండి” అని ముందే అందరికీ చెప్పేసింది. అల్లుడికీ బావమరిదికీ నల్లి బొక్క (మాంసంలో మూలుగ ఉండే ఎముక) దగ్గర గొడవై ఏళ్ళ తరబడి రాకపోకలు ఆగిపోయాయని తెలిసే చోట మాత్రం, “ఒక్క బొక్క కోసమా మామా? మరీ సిల్లీగా లేదా?” అంది.

పక్కన మంచం మీద పడుకుని చూస్తున్న మా అమ్మ లేచి కూర్చుంది. “బొక్క కోసం కాదు బిడ్డా. ఇంటల్లుడు. నలుగుర్ల కూసున్నప్పుడు ఆయన కంచంల పడాల్సింది పడలే. మీ తాత గూడ మా అన్న పెండ్లిల గిట్లనే అలిగి, చెయ్యి కడుక్కోని లేసి పోయిండు. మూడేండ్లు మా అవ్వగారింటి మొకం సూడనియ్యలే నన్ను” అంది.

పిల్ల సినిమా ఆపేసింది. గంటసేపు అమ్మమ్మ చెప్తూనే ఉంది, పిల్ల అడుగుతూనే ఉంది. ఆ తర్వాత ఆ భోజనాల సీన్‌ని వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది, ఎవరి ముఖం ఎప్పుడు మారుతోందో చూస్తూ. రీల్ ఆమెకి ఏడుపు ఇచ్చింది, ఆ బొక్క బరువెంతో మాత్రం చెప్పలేదు. అది తెలియాలంటే సీన్ మొత్తం కావాలి, ఆ సీన్ పుట్టిన ఇల్లు తెలియాలి, మనకి మింగుడుపడని చోట ఆగి అడగాలి.

ఇంటర్, డిగ్రీ చదివేవాళ్ళు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు నా దగ్గరికి సినిమాల గురించి, కథల గురించి వాదించుకోవడానికి వస్తుంటారు. వాళ్ళతో కూర్చుని కూర్చుని నాకు అలవాటైన పద్ధతి ఇది. అడుగులు వరసగానే రాస్తున్నా, కానీ అన్నిటికీ ఒకే బరువు లేదు. మూడోది, నాలుగోది నిదానంగా చదవండి.

అడుగు 1: మొత్తం చూడండి

చెప్పడానికి తేలిక, చేసేవాళ్ళు తక్కువ. ముప్పై సెకన్ల క్లిప్ మీ ముందుకి వచ్చేసరికే ఎవరో దానికి ఒక అర్థం కట్టేసి ఉంటారు. ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, కింద ఏ పాట పెట్టాలి అన్నీ వాళ్ళే నిర్ణయించారు. చాలాసార్లు అసలు సీన్‌లో ఉన్న సంగీతం కూడా అందులో ఉండదు. దాన్ని చూసి మీకు కలిగిన అభిప్రాయం సగం ఆ ఎడిట్ చేసినవాళ్ళదే.

‘కేరాఫ్ కంచరపాలెం’ తీసుకోండి, 2018లో వెంకటేష్ మహా తీసింది. (చూడకపోతే ఈ పేరా దాటేసి వెళ్ళండి, చివర ఏమవుతుందో చెప్పబోతున్నా.) విశాఖపట్నం కంచరపాలెంలో నాలుగు ప్రేమకథలు పక్కపక్కన నడుస్తాయి: బడిలో పిల్లాడు, కుర్రాడు, వైన్ షాపులో పనిచేసే మనిషి, యాభైకి దగ్గరపడినా పెళ్ళికాని అటెండర్. ఏ ఒక్క కథ క్లిప్పుగా కోసినా ముద్దుగా ఉంటుంది. కానీ ఆ నలుగురూ ఒక్కడేనని, ఒక్క మనిషి జీవితంలో నాలుగు వయసులని చివర్లో తెలుస్తుంది. తెలిసిన క్షణంలో అప్పటిదాకా చూసిన ప్రతి సీనూ మారిపోతుంది. ముందు ‘ఓడిపోయిన ప్రేమ’ అనిపించింది ఇప్పుడు ఒకే మనిషి మీద ఏళ్ళ తరబడి పడిన దెబ్బగా కనిపిస్తుంది. కులం, మతం, ఊళ్ళో పెద్దమనుషులు, దేవుడి మీద అతనికున్న కోపం అన్నీ ఒక దారంలోకి వస్తాయి. ఏ క్లిప్పూ ఇది ఇవ్వలేదు, ఇవ్వడం కుదరదు కూడా.

స్పీడ్ పెంచి చూడొద్దు. ఒకటిన్నర రెట్ల వేగంలో కథ తెలుస్తుంది కానీ మౌనాలు పోతాయి, చాలామంది దర్శకులు చెప్పాలనుకున్నది మౌనాల్లోనే పెడతారు. సిరీస్ అయితే ఒక్క రాత్రిలో అన్ని ఎపిసోడ్లూ లాగేయకుండా రెండు చూసి ఆపండి, మర్నాటికి ఏం గుర్తుందో చూసుకోండి. అచ్చులో ఉన్న కథ అయితే ఒక్క విడతలో చదివి, మర్నాడు ఇంకోసారి చదవండి. మామూలు తెలుగు కథకి అరగంట చాలు.

అడుగు 2: ఏం జరిగిందో ఐదు వాక్యాల్లో రాయండి

విశేషణాలు లేకుండా రాయాలి. ‘టాక్సిక్’, ‘క్రింజ్’, ‘రా’, ‘మాస్’, ‘ఫీల్ గుడ్’ ఇలాంటివి ఏవీ రాకూడదు. ఎవరు, ఎక్కడ, ఏం చేశారు, దానికి అవతలి మనిషి ఏం చేసింది, అంతే. ఆ మాటలు తప్పని కాదు, అవి ముందే వచ్చేస్తే చూడ్డం ఆగిపోతుంది. అయితే ‘క్రింజ్’ అనిపించిన చోటు మాత్రం మార్జిన్‌లో గుర్తు పెట్టుకోండి. ఇబ్బంది పడ్డ చోట సాధారణంగా ఏదో ఒకటి ఉంటుంది, కథలోనో మీలోనో.

అడుగు 3: కథ ఎవరి వెంట నడుస్తోందో పట్టుకోండి

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. ప్రతి కథకీ ఒక చూపు ఉంటుంది. కెమెరా ఎవరి వెనక తిరుగుతోంది? ఎవరు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా మనం వాళ్ళతో ఉన్నాం? ఎవరు గదిలోంచి వెళ్ళిపోగానే మనకి కనపడకుండా పోతున్నారు?

‘అర్జున్ రెడ్డి’ గురించి ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. 2017లో సందీప్ రెడ్డి వంగా తీశాడు, ‘ఎ’ సర్టిఫికెట్‌తో వచ్చింది. పద్దెనిమిది దాటినవాళ్ళకి నేను చెప్పే పని ఒకటే: ఒక నోట్‌బుక్ తీసుకుని మొదటి గంటలో ప్రీతి మాట్లాడిన ప్రతి మాటా రాయండి. పక్క పేజీలో అర్జున్ మాటలు రాయడం మొదలుపెట్టండి, కాసేపటికి చెయ్యి నొప్పి పుట్టి మానేస్తారు. ఇంకొకటి కూడా చూడండి. వాళ్ళు విడిపోయాక అతను తాగడం, చెడిపోవడం, డాక్టరుగా పని పోగొట్టుకోవడం అంతా మనం పక్కనే ఉండి చూస్తాం. ఆమె ఆ రోజులు ఎలా గడిపిందో సినిమా చివర్లో ఆమె నోటి మాటగా వినడమే.

ఇది గమనించాక సినిమా నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. నటన, ఆ ధైర్యం, బాధని అంతసేపు వదలకుండా చూపించడం నచ్చాయని చెప్పే కుర్రాళ్ళు నాకు తెలుసు, వాళ్ళు చెప్పేదాంట్లో నిజముంది. నా మటుకు నాకు, అతని బాధకి సినిమా ఇచ్చిన చోటులో పదో వంతు కూడా ఆమెకి దక్కలేదనిపిస్తుంది, అది నాకు కొట్టొచ్చినట్టు కనపడే లోటు. మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు, కానీ ఒప్పుకోకపోవడానికి ఒక సీన్ చూపించండి. ‘నాకలా అనిపించింది’ దగ్గర ఆగిపోతే ఇద్దరికీ ఏమీ మిగలదు.

కథల్లో అయితే ఈ ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది. ‘నేను’ అని చెప్తున్న మనిషి రచయిత కాదు. అబద్ధం చెప్తుండొచ్చు, తనని తాను సమర్థించుకుంటుండొచ్చు, తనకే తెలియనిది మనకి తెలిసేలా చేస్తుండొచ్చు. ‘ఈ రైటర్‌కి ఆడవాళ్ళంటే చులకన’ అని రాసే ముందు, చులకన చేస్తున్నది రచయితా లేక ఆ కథలో మాట్లాడుతున్న మనిషా అని ఒకసారి ఆగి చూసుకోండి.

అడుగు 4: సౌండ్ తీసేసి ఒకసారి, కళ్ళు మూసుకుని ఒకసారి

‘చూపించినంత మాత్రాన మెచ్చుకున్నట్టా?’ అని ఒకరు, ‘అది చూసి కుర్రాళ్ళు చెడిపోతున్నారు’ అని ఇంకొకరు. ఈ గొడవ ఎప్పటికీ తెగదు, ఎందుకంటే ఇద్దరూ సీన్‌ని చూడకుండానే మాట్లాడుతుంటారు. ఒక చెడ్డ పనిని కథ చూపిస్తోందా, మెచ్చుకుంటోందా అనేది ఆ పనిలో దొరకదు. దాని చుట్టూ వెతకాలి.

మీకు అనుమానం ఉన్న రెండు నిమిషాల సీన్ తీసుకోండి. సౌండ్ మొత్తం తీసేసి చూడండి. హీరో ఒకణ్ణి కొడుతున్నాడు అనుకుందాం. సంగీతం లేకుండా చూస్తే అది ఒక మనిషి ఇంకో మనిషిని కొట్టడమే, కొన్నిసార్లు చూడలేం కూడా. ఇప్పుడు కళ్ళు మూసుకుని అదే సీన్ వినండి. డప్పులు లేస్తున్నాయా, వయొలిన్ ఏడుస్తోందా, అసలేమీ లేకుండా ఫ్యాన్ చప్పుడు మాత్రమే ఉందా? మీ గుండెకి ఏం చెప్పాలో అక్కడ నిర్ణయమైపోయింది. ఆ తర్వాత కెమెరా ఎత్తు చూడండి. కింద నుంచి పైకి చూస్తూ, నడకని స్లో మోషన్‌లో పెట్టి చూపిస్తే మనిషి దేవుడంతవుతాడు. అదే మనిషిని దూరం నుంచి, అందరి మధ్యలో చిన్నగా చూపిస్తే మామూలు మనిషవుతాడు.

దెబ్బ తిన్నవాడి ముఖం చూపించారా? ఆ తర్వాతి సీన్ ఎక్కడ మొదలైంది, కొట్టినవాడి ఇంట్లోనా, కొట్టించుకున్నవాడి ఇంట్లోనా? నాకు తెలిసి మా పిల్లల్ని అన్నిటికంటే ఎక్కువ ఆలోచనలో పడేసిన ప్రశ్న ఇదే. చాలా సినిమాల్లో కొట్టించుకున్నవాడికి ఇల్లే ఉండదు.

ఈ పని ఒక్కసారి చేస్తే చాలు, తర్వాత థియేటర్‌లో కూర్చున్నా మీకు తెలియకుండానే గమనిస్తారు. ఆనందం పోతుందేమోనని కొందరు భయపడతారు. పోదు. మంచి సీన్ ఎందుకు మంచిదో తెలిశాక ఈల ఇంకా గట్టిగా వేస్తారు.

అడుగు 5: ఊరు, ఏడాది చూసుకోండి. చట్టం వస్తే చట్టం కూడా

కథ ఏ ఏడాదిలో జరుగుతోందో చాలామంది పట్టించుకోరు. తెర మీద ఒక మూల పడి పోతుంది. దాన్ని వదలొద్దు.

2025లో వచ్చిన ‘కోర్ట్’ విశాఖపట్నంలో 2013లో జరుగుతుంది. పంతొమ్మిదేళ్ళ అబ్బాయి, పదిహేడేళ్ళ అమ్మాయి, అబ్బాయి మీద పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన చట్టం) కేసు. ఇప్పటి పిల్లలకి పోక్సో ఎప్పటినుంచో ఉన్న చట్టంలా అనిపిస్తుంది. అది 2012లో చేసిన చట్టం, ఆ ఏడాది నవంబర్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు మన శిక్షాస్మృతి లెక్కలో సమ్మతి వయసు పదహారు, ఈ చట్టంతో పద్దెనిమిది అయ్యింది. అంటే కథ జరిగే నాటికి చట్టం పూర్తిగా కొత్తది. పేరున్న కుటుంబంలో ఒక మనిషి చేతికి అది దొరికింది, అబ్బాయికి గానీ అతని ఇంట్లోవాళ్ళకి గానీ అదేంటో కూడా తెలీదు. 2013 అనే ఆ ఒక్క అంకె తెలిస్తే వాళ్ళ అయోమయం కథ కోసం పెట్టింది కాదని, ఆ రోజుల్లో చాలామందిది అదే పరిస్థితి అయ్యుంటుందని అర్థమవుతుంది.

అదే సమయంలో ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. ఆ చట్టం పిల్లల మీద జరిగే లైంగిక దాడుల్ని ఆపడానికి వచ్చింది, ఇప్పటికీ దాని అవసరం చాలా ఉంది. ఒక్క కథ చూసి ‘పోక్సో అంటే తప్పుడు కేసులు’ అనేసుకుంటే అది సినిమా తప్పు కాదు, మనం సరిగ్గా చదవకపోవడం. కథ ఒక కేసు చెప్తుంది, అన్ని కేసులూ చెప్పదు.

అడుగు 6: ఎవరికి ఏ యాస ఇచ్చారు?

చాలాకాలం మన సినిమాల్లో తెలంగాణ యాస రౌడీకో కమెడియన్‌కో దక్కేది, శ్రీకాకుళం యాస పనివాళ్ళకి, సీమ యాస కత్తులకి. హీరో హీరోయిన్లు మాత్రం ఏ ఊరివాళ్ళైనా పుస్తకంలా మాట్లాడేవాళ్ళు. 2017లో శేఖర్ కమ్ముల ‘ఫిదా’లో బాన్సువాడ అమ్మాయి భానుమతి తెలంగాణ యాసలో, కథానాయికగా, ఎక్కడా తగ్గకుండా మాట్లాడితే మా ఇళ్ళల్లో ఆడపిల్లలు ఎందుకంత సంబరపడ్డారో ఇప్పుడు పదిహేనేళ్ళున్నవాళ్ళకి తెలియాలంటే ఈ పాత సంగతి తెలియాలి. ఇప్పుడు చూసే ప్రతిదాంట్లో అడగండి: డబ్బున్నవాళ్ళు ఏ యాస మాట్లాడుతున్నారు, నవ్వు పుట్టించడానికి ఎవరి మాట వాడుకున్నారు, ప్రేమ మాటలు ఏ యాసలో వచ్చాయి?

పుస్తకాల్లో అయితే తెలియని మాట తగలగానే చాలామంది పేజీ తిప్పేస్తారు. తిప్పకండి. రమేష్ కార్తీక్ నాయక్ రాసిన ‘ఢావ్లో’కి 2024లో సాహిత్య అకాదెమీ యువ పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం 2011 నుంచి ముప్పై అయిదేళ్ళలోపు రచయితలకి ఇస్తున్నారు, అంటే మీ అన్న వయసువాళ్ళు రాసేవే. గోర్ బంజారాల కథలవి. లంబాడీ తండాలో పుట్టి పెరిగిన మాట తెలుగు లిపిలోకి వస్తుంటే కొన్ని చోట్ల మనకి అర్థం కాదు. కాకపోవడమూ చదవడంలో భాగమే. ఇన్నాళ్ళూ మన తెలుగు పాఠాలు తండా పిల్లలకి ఎలా వినపడి ఉంటాయో ఆ రెండు నిమిషాల్లో కొంచెం తెలుస్తుంది. మీ క్లాసులో గోర్ బోలి, అంటే బంజారాల భాష, తెలిసినవాళ్ళు ఉండొచ్చు, వెళ్ళి అడగండి. వాళ్ళకి అదొక గౌరవం, మీకు కథ తెరుచుకుంటుంది.

అడుగు 7: మీరు చూస్తున్నది ఏ ప్రతి?

థియేటర్‌లో వచ్చేదానికి సెన్సార్ సర్టిఫికెట్ ఉంటుంది. ఓటీటీలో నేరుగా వచ్చేవాటికి అది అవసరం లేదు, 2021 నిబంధనల ప్రకారం ఆ సంస్థే యూ/ఏ 7+, 13+, 16+ అని వయసు వేసుకుంటుంది. అందుకే థియేటర్‌లో కోసేసిన ముక్కలు ఇంట్లో కనపడొచ్చు. వాదించుకునే ముందు ఇద్దరూ ఒకటే చూశారో లేదో కనుక్కోండి. డబ్బింగ్ అయితే, కుదిరితే అసలు భాషలో సబ్‌టైటిల్స్‌తో చూడండి. మలయాళం వాళ్ళ వరసలూ తిట్లూ ఊరి పేర్లూ తెలుగులోకి వచ్చేసరికి చదునైపోతాయి. అన్నట్టు, ఆ వయసు అంకె ఎవరు చూడొచ్చో చెప్తుందంతే, దాన్ని చూపించి ‘ఇది పిల్లల సినిమా’ అని కొట్టిపారేయొద్దు.

అడుగు 8: ఇంట్లో పెద్దవాళ్ళని ఒక ప్రశ్న అడగండి

“నీకు నచ్చిందా అమ్మా?” అని అడిగితే “ఆ, బాగుంది” అంటారు. ఒక సీన్ చూపించి అడగాలి. “ఆమె స్థానంలో నువ్వుంటే లేచి వెళ్ళిపోయేదానివా?” “మీ ఊళ్ళో ఇలా జరిగిందా?” అమెరికాలో పుట్టి పెరిగిన మా తమ్ముడి కొడుకు ‘బలగం’ చూసి, కాకి పిండం ముట్టకపోతే అంతమంది ఎందుకు కంగారు పడుతున్నారో అర్థంకాక వీడియో కాల్‌లో నానమ్మని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకి మా అమ్మ తన అత్తగారి పదకొండో రోజు కథ మొత్తం చెప్పింది. మాలో ఎవరికీ అంతకుముందు చెప్పలేదు.

పెద్దవాళ్ళకీ ఒక మాట. ‘ఈ కాలం పిల్లలకి కథ అక్కర్లేదు, ఫోన్ చాలు’ అనేది నేను ఒప్పుకోను. మా కాలంలో హీరో అమ్మాయి వెనకాల బస్టాప్ నుంచి ఇంటిదాకా పాట పాడుకుంటూ వెళ్తే మేం చప్పట్లు కొట్టాం. మొన్న అలాంటి పాత పాట టీవీలో వస్తుంటే మా మేనకోడలు, “ఆ పిల్ల మూడుసార్లు వద్దన్నది, లెక్కపెట్టిన” అంది. నేను ఆ పాట వందసార్లు చూసి ఉంటాను, ఒక్కసారీ లెక్కపెట్టలేదు. సిగ్గుపడ్డాను, సంతోషపడ్డాను కూడా. వాళ్ళకి మనం ఇంటి సంగతులు, ఊరి సంగతులు చెప్పగలం, వాళ్ళు మనకి మనం చూడనిది చూపించగలరు. ఒకే సోఫా మీద కూర్చుంటే రెండూ జరుగుతాయి.

అడుగు 9: ఒక పేజీ రాయండి, ఆ తర్వాతే రివ్యూలు

రివ్యూ, రేటింగ్, మొదటి రోజు టాక్ ఇవన్నీ మీ పేజీ అయ్యాకే చూడండి. ముందే చూస్తే వాళ్ళ మాటలే మీ వేళ్ళలోంచి వస్తాయి.

పేజీలో ముందు అడుగు 2లో రాసిన ఐదు వాక్యాలు పెట్టండి. తర్వాత ఒక్క సీన్ తీసుకుని దాని గురించే రాయండి, సినిమా మొత్తం గురించి రాయాలని చూడొద్దు. మా పిల్ల ఆ రాత్రి నల్లి బొక్క సీన్ ఒక్కదాని మీద పేజీన్నర రాసింది. ఆ తర్వాత, మీ మాటకి ఎదురు చెప్పే సీన్ ఒకటి అదే కథలో వెతికి దాన్నీ రాయండి. ఇది కష్టం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కానీ మీరు చెప్తున్నది నిలబడుతుందో లేదో తేలేది ఇక్కడే. దొరకలేదంటే మళ్ళీ వెతకండి, మంచి కథ అయితే దొరుకుతుంది.

చివర తేదీ వేయండి. ఏడాది తర్వాత అదే సినిమా చూసో అదే కథ చదివో, పాత పేజీ తీయకుండా కొత్త పేజీ రాయండి, అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకోండి. మా మేనకోడలు పోయిన వేసవి పేజీలో ‘అల్లుడిది ఈగో’ అని రాసుకుంది. ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు ఆగలేక మళ్ళీ చూసి కొత్తది రాసింది, అందులో మొదటి వాక్యం అతని భార్య గురించి ఉంది: పుట్టింటికి ఏళ్ళ తరబడి రాలేకపోయిన ఆమెని ఆ గొడవలో ఎవరూ ఒక్క మాటైనా అడిగారా అని. మా అమ్మకి చదివి వినిపించింది. అమ్మ కాసేపు ఏమీ అనలేదు, తర్వాత “ఇంకోసారి సదువు బిడ్డా” అంది.